జూలై ఒకటో తేదీ

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, విశేషించి మేము పుట్టి పెరిగిన ఇందా ప్రాంతంలో, తొలితరం తెలుగు పెద్దల పుట్టినతేదీలను ఎవరైనా ఒకచోట రాసి చూస్తే ఒక వింత కనబడుతుంది. వారిలో చాలామంది జూలై నెల ఒకటో తేదీన పుట్టారు! శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో రైలెక్కి వచ్చి, వర్క్‌షాపులో సుత్తీ పటకారూ పట్టిన కుటుంబాలవి. వారి తల్లులందరూ కూడబలుక్కుని ఒకే రోజున ప్రసవించారా అని పరిహాసమాడేవారు మా చిన్నతనంలో కూడా ఉండేవారు.

రహస్యమేమీ లేదు. ఇండియన్ రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ మొదటి సంపుటంలో 225వ నియమం చదివితే విషయం బోధపడుతుంది. ఉద్యోగంలో చేరేవారికి పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై ఒకటిని, సంవత్సరమూ నెలా తెలిస్తే ఆ నెల పదహారవ తేదీని జన్మదినంగా పరిగణించాలని ఆ నియమం చెబుతున్నది. చదువురాని కార్మికుడైతే అతడు చెప్పిన తేదీని ఒక సీనియర్ ఉద్యోగి నమోదు చేయాలి, మరొక ఉద్యోగి సాక్షి సంతకం పెట్టాలి. ఊరిలో మునసబు పుస్తకం లేదు, బడి సర్టిఫికెట్టు లేదు, జాతకం రాయించే స్తోమతు లేదు. "ఏ సంవత్సరం?" అంటే తండ్రి ఏదో ఒకటి చెప్పేవాడు. "ఏ నెల?" అంటే తల గోక్కునేవాడు. ఆ తల గోకుడే సర్వీసు రిజిస్టరులో జూలై ఒకటిగా మారింది. మా నాన్నగారి పుట్టినతేదీ కూడా అదే: 1938 జూలై 1.

నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకు ముందు నెల ఆఖరిరోజున పదవీ విరమణ చేయాలన్నది ప్రభుత్వ నియమం. కనుక వీరందరూ జూన్ ముప్పైన ఇళ్ళకు వచ్చారు. 2006 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వార్షిక ఇంక్రిమెంటు తేదీని జూలై ఒకటిగా స్థిరపరిచినప్పుడు ఈ తేదీవారి తరువాతి తరానికి మరొక చిక్కు వచ్చింది. సంవత్సరమంతా పనిచేసి, ఇంక్రిమెంటుకు ఒక్కరోజు ముందు వారు పదవి నుండి దిగిపోవలసి వచ్చింది. అలా దిగిపోయినవారికి కూడా ఆ ఇంక్రిమెంటు దక్కాలని సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో ఒక విద్యుత్ సంస్థ కేసులో తీర్పు ఇచ్చేవరకు ఎందరో కోర్టుల మెట్లెక్కారు. తెలియని తేదీ బదులు ఒక గుమస్తా పూరించిన తేదీ మనిషి పింఛనును నలభై ఏళ్ళ తరువాత కూడా తాకగలదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక అసలు విషయానికి వస్తాము. మా అమ్మాయి హైదరాబాదులో క్లినికల్ ప్రోగ్రామరుగా పనిచేస్తున్నది. కొత్త మందులను మనుషులపై పరీక్షించేటప్పుడు ఆసుపత్రులలో నమోదైన సమాచారాన్ని పట్టికలుగా మలచి, గణాంక నిపుణుల చేతికి అందించడం ఆమె వృత్తి. ఈ పనిలో హైదరాబాదు నేడు పెద్ద కేంద్రం. వేలాది తెలుగు పిల్లలు ఈ వృత్తిలో ఉన్నారు. మన ఉద్యోగుల ఇళ్ళలోనూ ఇటువంటి కొలువు చేస్తున్నవారు ఉండే ఉంటారు. మొన్న దసరా సెలవులకు ఆమె ఇందాలో మా పాత ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ మా ముందు పెట్టి, "నాన్నా, మందుల సంగతి మీకు తెలియదు కదా, అందుకే మీరు చదవాలి. ఎక్కడ అర్థం కావడం మానేసిందో చెప్పండి చాలు" అన్నది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మొదట అనుకున్నాము. కానీ ముప్పై ఏళ్ళుగా యంత్రాల మాన్యువళ్ళు చదివి తిట్టుకున్న అనుభవం ఊరకే ఉండనిస్తుందా?

ఆమె చూపినది 'అడ్మిరల్' అనే సాఫ్ట్‌వేరు ప్యాకేజీకి సంబంధించిన సహాయ పుటలు. 'ఆర్' అనే గణాంక భాషలో నడిచే ఈ ప్యాకేజీని 2021లో రోష్, జి.ఎస్.కె. అనే రెండు ఔషధ సంస్థల ప్రోగ్రామర్లు కలిసి ఆరంభించారు. తరువాత ఇతర సంస్థలవారూ చేయి కలిపారు. ఒకరితో ఒకరు పోటీపడే సంస్థలు ఒకే పనిముట్టును కలిసి చేసుకోవడం, దాని మూలపాఠాన్ని లోకానికంతటికీ ఉచితంగా తెరిచి పెట్టడం మా తరం ఇంజనీర్లకు కొంత వింతగానే ఉంటుంది. మా కాలంలో పక్క షాపు డ్రాయింగు చూడాలంటే ఫోర్‌మన్ సంతకం కావలసి వచ్చేది! ఇప్పుడు ఎవరైనా ఆ మూలపాఠం చదవవచ్చు, తప్పు పట్టవచ్చు, సవరణ పంపవచ్చు. సహాయ పుటలలోని ఉదాహరణ బాగా లేదని చెప్పడం కూడా అక్కడ ఒక సవరణే.

ఉదాహరణ అనేది చిన్న విషయంగా కనబడుతుంది. అది చిన్నది కాదని మా అభిప్రాయం. అప్రెంటిసులకు వెర్నియర్ కాలిపరు నేర్పేటప్పుడు మేము ఈ సంగతి గ్రహించాము. ఒక పాత శిక్షణ పుస్తకంలో వెర్నియర్ సున్నా గీత ప్రధాన స్కేలు మీద 24 మిల్లీమీటర్ల గీతతో సరిగ్గా కలిసిన బొమ్మ వేసి, 'కొలత 24.00' అని రాశారు. తప్పు లేదు. కానీ ఆ బొమ్మ చూసిన కుర్రవాడికి వెర్నియర్ ఎందుకో తెలియదు; మామూలు స్కేలు చాలు కదా అనుకుంటాడు. అదే 24 దాటి, వెర్నియర్ ఎనిమిదవ గీత కలిసిన బొమ్మ వేసి, ఎనిమిదిని 0.02తో గుణిస్తే 0.16, కనుక కొలత 24.16 అని చూపితే, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు ఉంటుంది. చిక్కు లేని ఉదాహరణ చక్కగా కనబడుతుంది గానీ ఏమీ నేర్పదు.

ఆర్ భాషలో ప్రతి ఫంక్షన్‌కూ ఒక సహాయ పుట ఉండాలి. అందులో వివరణ, వాడే తీరు, ఇవ్వవలసిన విలువలు, చివర ఉదాహరణలు ఉంటాయి. ప్యాకేజీని తనిఖీ చేసేటప్పుడు యంత్రమే ఆ ఉదాహరణలను నడిపి చూస్తుంది. ఏదైనా ఆగిపోతే వెంటనే పట్టుకుంటుంది. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. మన మాన్యువళ్ళలోని ఉదాహరణలను ఎవరు నడిపి చూశారు? అయితే నడిచే ఉదాహరణ వేరు, నేర్పే ఉదాహరణ వేరు. 24.00 అని చూపిన ఆ బొమ్మ కూడా నడుస్తుంది. ఏ యంత్ర తనిఖీకీ అది దొరకదు.

ఎక్కువ సహాయ పుటలలో ఉన్న లోపం మరొకటి. ఉదాహరణలన్నీ ఒకే ముద్దగా, ఒకదాని కింద ఒకటిగా, మధ్యలో ఒక్క వరుస వ్యాఖ్యలతో ఉంటాయి. ఫలితం కళ్ళ ముందు ఉండదు, నడుపుకుంటేనే కనబడుతుంది. సంగతి తెలిసినవాడికి అది చాలు. తెలియనివాడు ఏ వరుస ఏ సందేహానికి జవాబో పోల్చుకోలేక, తన పనికి దగ్గరగా కనబడిన దానిని నకలు చేసుకుని వెళ్ళిపోతాడు. అడ్మిరల్ నిర్వాహకులు 2025లో ఈ పద్ధతిని మార్చడం మొదలుపెట్టారు. ఒక్కొక్క ఉదాహరణకు ఒక శీర్షిక, దాని కింద రెండు మూడు వాక్యాల వివరణ, తరువాత కోడు, ఆ వెంటనే దాని ఫలితం. సులభమైనది ముందు, జటిలమైనది తరువాత. ఒక్క ఉదాహరణలో ఒక్క సంగతి మాత్రమే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ వందకు పైగా ఉన్న ఫంక్షన్లకు, ఒక్కొక్కదానికి ఆరేడు ఉదాహరణలు ఇలా తిరగరాయాలంటే ఎంత ఓర్పు కావాలో మాన్యువల్ రాసినవారికి తెలుస్తుంది.

మా అమ్మాయి మాకు చదవమని ఇచ్చిన పుట తేదీలను తయారుచేసే ఫంక్షన్‌ది. అందులోనే మాకు జూలై ఒకటి ఎదురయింది.

ఆసుపత్రిలో రోగి చెప్పే తేదీలు ఎప్పుడూ పూర్తిగా ఉండవు. "తలనొప్పి ఎప్పుడు మొదలయింది?" అంటే "ఫిబ్రవరిలో" అంటాడు. ఆ ఫిబ్రవరిని ఎలా భద్రపరచాలి? క్లినికల్ సమాచారానికి ప్రమాణాలు రూపొందించే సీడిస్క్ అనే సంస్థ దీనికి రెండు అంచెల పద్ధతి పెట్టింది. 2016 డిసెంబరు 17 తరువాత మొదలైన ప్రయోగాలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రమాణాలను తప్పనిసరి చేసింది. మొదటి అంచెలోని మూలపట్టికలో రోగి ఎంత చెబితే అంతే ఉండాలి: 2019-02 అని రాసి ఊరుకోవాలి. రోజు తెలియకపోతే ఖాళీయే. రెండవ అంచె విశ్లేషణ పట్టిక. లెక్క కట్టాలంటే పూర్తి తేదీ కావాలి కనుక అక్కడ మాత్రం ఖాళీని పూరించవచ్చు. కానీ పూరించినట్లు పక్క గడిలో ఒక గుర్తు వేయాలి. రోజును పూరిస్తే 'డి', నెలను కూడా పూరిస్తే 'ఎం', సంవత్సరాన్నే పూరిస్తే 'వై'.

ఇది చదివి మేము కొంతసేపు అలాగే కూర్చుండిపోయాము. అవధాన సభలో సమస్యాపూరణం చూసిన తెలుగువారికి ఈ నియమం కొత్తగా తోచదు. పృచ్ఛకుడు ఇచ్చిన పాదమేదో, అవధాని పూరించిన పాదాలేవో సభలో అందరికీ తెలుసు. ఒకదానిని మరొకటిగా ఎవరూ పొరపడరు. మా నాన్నగారి జూలై ఒకటికి ఆ పక్క గడి లేదు. అది ఒకసారి పుస్తకంలోకి ఎక్కాక నిజంగా ఆ రోజు పుట్టినవాడి తేదీకీ దానికీ భేదం లేకుండా పోయింది.

ఆ పుటలో ఇచ్చిన తేదీలు కొన్నే: 2019-07-18, 2019-02, 2019, ఇంకొకటి 2019---07. ఈ చివరిదానిలో సంవత్సరమూ రోజూ ఉన్నాయి, నెల లేదు. ఇదెక్కడి విడ్డూరం, రోజు తెలిసి నెల తెలియకపోవడమేమిటని మొదట నవ్వుకున్నాము. తరువాత తోచింది: చెమటకు చెరిగిన చీటీ, పురుగు తిన్న రిజిస్టరు, 'జీతాలు ఇచ్చిన రోజే గానీ ఏ నెలో గుర్తులేదు' అనే మనిషి. వర్క్‌షాపు పట్టణంలో పెరిగినవారం మాకు ఆ మాట కొత్త కాకూడదు. ఉదాహరణలో ఇటువంటి తేదీని చేర్చినవారెవరో గాని, వారు నిజమైన రికార్డులు తిరగేసినవారని మాకు గట్టి నమ్మకం కలిగింది.

మొదటి ఉదాహరణలో ఏ పూరణా లేదు. ఆ ఫంక్షన్ సహజ స్వభావం అదే. మీరు అడగకపోతే అది పూరించదు, అసంపూర్ణమైన తేదీకి ఫలితం గడిని ఖాళీగా వదిలేస్తుంది. తరువాతి ఉదాహరణలలో ఎంతవరకు పూరించాలో, ఏ విధంగా పూరించాలో చెబుతారు. 'మొదటి' అంటే 2019-02 అనేది ఫిబ్రవరి 1 అవుతుంది, 2019 అనేది జనవరి 1 అవుతుంది. 'చివరి' అంటే ఫిబ్రవరి 28, డిసెంబరు 31. 'నడిమి' అంటే నెల తెలిసినప్పుడు 15వ తేదీ, సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు జూన్ 30.

జూన్ 30! మన రైల్వే నియమంలో జూలై 1. వీరి లెక్కలో ఒక్క రోజు ముందు. నెలకు మనది 16, వీరిది 15. రెండు సందర్భాలలోనూ తేడా ఒక్క రోజే. పూర్వం సర్వీసు నియమాలు రాసిన అధికారులకూ, ఈ కాలపు ఔషధ ప్రోగ్రామర్లకూ ఒకే ఆలోచన తట్టింది: ఏమీ తెలియనప్పుడు నడుమ నిలబడితే తప్పు తక్కువ. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కనుక మేము లెక్కవేశాము. 365 రోజుల సంవత్సరంలో సరిగ్గా నడిమి రోజు 183వది, అంటే జూలై 2. జూన్ 30 నూట ఎనభై ఒకటవ రోజు, జూలై 1 నూట ఎనభై రెండవది. ఇద్దరూ గురి తప్పారు గానీ మనవారే దగ్గరగా ఉన్నారు! మా అమ్మాయికి ఈ మాట చెబితే చాలాసేపు నవ్వింది.

నవ్వులాట కాని సంగతి ఒకటి ఆ పుటలోనే ఉంది. దానిని చెప్పేముందు 2019 వర్షాకాలంలో మా ఇంట జరిగినది చెప్పవలసి ఉన్నది.

మా నాన్నగారికి అప్పుడు ఎనభై ఒకటి. రక్తపోటుకు వైద్యుడు ఒక కొత్త మాత్ర రాశాడు. రామిప్రిల్ వంటి ఆ తరగతి మాత్రలు కొందరిలో పొడిదగ్గు తెస్తాయని వైద్యులకు తెలుసు. దగ్గు కొన్ని రోజులకు మొదలుకావచ్చు, కొన్ని నెలలకూ కావచ్చు. మాత్ర మానితే చాలావరకు కొన్ని వారాలలో తగ్గుతుంది. ఇక్కడ పేచీ ఏమిటంటే, ఇందాలో వర్షాకాలంలో దగ్గని ముసలివారు ఎవరు? ఆగస్టులో మరొక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు మొదటి చీటీలో 'దగ్గు, జూలై నుండి' అని మాత్రమే ఉంది. మాత్ర మొదలుపెట్టిన తేదీ స్పష్టంగా ఉంది: జూలై 5. దగ్గు ముందా, మాత్ర ముందా? ఆ జూలైని ఎవరైనా జూలై ఒకటిగా పూరించి ఉంటే, దగ్గు మాత్ర కంటే నాలుగు రోజులు ముందే వచ్చినట్లు లెక్క. మాత్ర నిర్దోషి. నాన్నగారు దగ్గుతూ అదే మాత్ర వేసుకునేవారు. పదహారు అని పూరించి ఉంటే మాత్రదే దోషం.

ఆ చీటీ రాసిన యువ వైద్యుడు దేనినీ పూరించలేదు. తెలిసినంత రాసి వదిలేశాడు. కనుకనే రెండవ వైద్యుడు ఖాళీని చూసి మళ్ళీ అడిగాడు. మేము తడబడుతుంటే మా అమ్మగారు ఠక్కున అందుకున్నారు: "ఎల్లే రథం నాటికి దగ్గు నేదు బాబూ. ఉల్టా రథం నాటికి ఉంది. ఆ రోజు తాడు ముట్టుకుందారని నిలబడి దగ్గు తెరనొచ్చి కూలబడిపోయారు." ఆ సంవత్సరం జగన్నాథ రథయాత్ర జూలై 4న, తిరుగు రథం జూలై 12న వచ్చాయి. దగ్గు ఆ రెండింటి మధ్యదే. మాత్ర అయిదవ తేదీది. వైద్యుడు మాత్ర మార్చాడు. దుర్గాపూజ నాటికి నాన్నగారికి దగ్గు లేదు. 2022లో ఆయన కాలం చేసేవరకు మళ్ళీ ఆ దగ్గు మాట మా ఇంట వినబడలేదు.

ఇప్పుడు ఆ పుటలోని ఉదాహరణ చూడండి. రోగికి కలిగిన ఒక ఇబ్బంది చికిత్స మొదలయ్యాక వచ్చిందా, ముందే ఉందా అన్నది మందు భద్రతను తేల్చే లెక్క. చికిత్స తరువాత వచ్చినవాటినే మందు ఖాతాలో వేస్తారు. ఇబ్బంది మొదలైన తేదీ 2020-12 అని, చికిత్స మొదలైన తేదీ 2020 డిసెంబరు 6 అని ఉన్నదనుకోండి. 'మొదటి' పద్ధతిలో పూరిస్తే ఇబ్బంది డిసెంబరు 1న వచ్చినట్లవుతుంది. అంటే మందుకు సంబంధం లేదు. లెక్క నుండి జారిపోతుంది. ఈ జారుడును ఆపడానికే ఆ ఫంక్షన్‌లో ఒక కట్టడి ఉంది. పూరించిన తేదీ చికిత్స తేదీకి ముందు పడకూడదని చెప్పవచ్చు. అప్పుడు ఫలితం డిసెంబరు 6. సందేహ ఫలం మందుకు కాక రోగికి దక్కుతుంది.

ఇక్కడ ఉదాహరణ రాసినవారి నేర్పు చెప్పుకోవాలి. వారు ఒక్క వరుసతో సరిపెట్టలేదు. రెండవ వరుసలో ఇబ్బంది తేదీ 2020-11, చికిత్స తేదీ అదే డిసెంబరు 6. దీనికి ఫలితం నవంబరు 1. ఎందుకంటే నవంబరులో ఏ రోజు తీసుకున్నా అది చికిత్సకు ముందే. అక్కడ సందేహమే లేదు కనుక కట్టడి పనిచేయదు. రోగి చెప్పిన నెలను దాటి తేదీని ముందుకు జరపదు. మొదటి వరుస మాత్రమే ఉండి ఉంటే చదివినవాడు 'ఏ తేదీనైనా చికిత్స తేదీకి లాగుతుంది కాబోలు' అనుకునేవాడు. రెండు వరుసలు కలిసి చెప్పే మాటను ఒక పేరా వివరణ కూడా అంత నిక్కచ్చిగా చెప్పలేదు.

అయినా మాకు తృప్తి కలగలేదు. ఏమి జరుగుతుందో ఉంది. ఎందుకు అలా కోరుకోవాలో లేదు. మందుల సంగతి తెలిసినవారికి అది చెప్పనక్కరలేదు నిజమే. కానీ గడువు దగ్గరపడి, రాత్రి పదకొండు గంటలకు ఆ పుట తెరిచే కుర్రవాడు ఎవరు? నిన్న కాలేజీ నుండి వచ్చినవాడు. అతడు పైనుండి చదవడు. తనకు కావలసిన ఫలితంలా కనబడిన మొదటి ఉదాహరణను నకలు చేసుకుంటాడు. అది కట్టడి లేని 'మొదటి' పద్ధతి ఉదాహరణే కావచ్చు. నడుస్తుంది, ఎర్ర అక్షరాలేవీ రావు, పట్టిక నిండుతుంది. నెల మాత్రమే తెలిసిన ఒకరిద్దరి దగ్గులు మాత్రం లెక్కలో నుండి మాయమవుతాయి. పెద్ద ప్రయోగాలలో తనిఖీలు మీద తనిఖీలు ఉంటాయని, ఇద్దరు వేర్వేరుగా చేసి పోల్చుకుంటారని మా అమ్మాయి అన్నది. మంచిదే. ఇద్దరూ ఒకే పుటలోని ఒకే ఉదాహరణను నకలు చేస్తే పోలిక సరిపోతుంది కదా అని మేమన్నాము. ఆమె మాట్లాడలేదు, చిట్టాలో ఏదో రాసుకున్నది.

మేము చెప్పినవి ఎక్కువ లేవు. తేదీని పూరించే ప్రతి ఉదాహరణలోనూ పక్కనున్న గుర్తు గడిని ఫలితంలో కనబడనివ్వాలి. చోటు చాలదని దానిని కత్తిరించకూడదు. కట్టడి ఉదాహరణ శీర్షికలో ఫంక్షన్‌కు ఇచ్చే విలువ పేరు కాక, చేసేవాడికి ఉండే ప్రశ్న ఉండాలి: 'ఇబ్బంది చికిత్సకు ముందు వచ్చినట్లు పొరపాటున తేలకుండా చూడడం ఎలా?' అని. ఆ కుర్రవాడు వెతికేది ఆ ప్రశ్ననే గాని విలువ పేరును కాదు. 2019---07 అనే తేదీకి ఒక్క వాక్యమైనా కథ చెప్పాలి. ఆ సందర్భంలో తెలిసిన రోజును నిలుపుకోమని చెబితే 'నడిమి' పద్ధతిలో ఫలితం జూన్ 7 అవుతుంది, చెప్పకపోతే జూన్ 30 అవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. ఇవి ఎక్కడికి చేరాయో, ఎవరు ఒప్పుకున్నారో మేము అడగలేదు.

ఉదాహరణలలో వాడే నమూనా రోగుల సంగతి కూడా ఒక మాట. ఈ రంగంలో నేర్చుకునేవారందరూ ఎక్కువగా వాడే నమూనా సమాచారం ఒక నిజమైన ప్రయోగానిది. గ్జానోమెలిన్ అనే మందును చర్మంపై అంటించే పట్టీ రూపంలో అల్జైమర్స్ రోగులపై ఎలై లిల్లీ సంస్థ పరీక్షించింది. ఆ సమాచారాన్ని రోగుల ఆనవాళ్ళు తెలియకుండా మార్చి సీడిస్క్ తన నమూనా పథకానికి వాడుకున్నది. అందులో 254 మంది: 86 మందికి ఉత్తుత్తి పట్టీ, 84 మందికి తక్కువ మోతాదు, 84 మందికి ఎక్కువ మోతాదు. ఆ మందు అల్జైమర్స్‌కు అక్కరకు రాలేదు. చాలాకాలం తరువాత, 2024 సెప్టెంబరులో, ట్రోస్పియం అనే మరొక మందుతో కలిపి స్కిజోఫ్రీనియా చికిత్సకు అమెరికాలో అనుమతి పొందింది. మతిమరుపు ఉన్న ఆ 254 మంది వృద్ధులు, తమ తేదీలు తామే మరచిపోగలవారు, నేడు హైదరాబాదులోనూ బాసెల్‌లోనూ తేదీల లెక్క నేర్చుకునే పిల్లలకు గురువులు. ఈ మాట మా అమ్మాయికి కూడా అంతకుముందు తట్టలేదట.

సాయంత్రం పని ముగించి ఆమె నాయనమ్మ దగ్గర చేరి, "నాయనమ్మా, నీ పుట్టినరోజు కూడా జూలై ఒకటేనా?" అని అడిగింది. మా అమ్మగారు ఉద్యోగం చేయలేదు. ఏ రిజిస్టరూ ఆమెను తేదీ అడగలేదు. ఆమె ఆధార్ కార్డు మీద జనన సంవత్సరం మాత్రమే ఉంది, 1943 అని. "గాలివాన ఏడు పుట్టలేదే నేను. ఆ మరసటి సంక్రాంతికి" అన్నారు అమ్మ. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ జిల్లాను ముంచెత్తిన తుఫాను అది. అప్పటికి మా అమ్మగారి తల్లి ఇక్కడే, వర్క్‌షాపు పక్క పాకలో, గర్భిణి.

"సంక్రాంతికి ముందా, తరువాతా?"

"అది మాయమ్మకే తెలియాల."

మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 1943-01 అని కొట్టి, ఆ తరువాతి గడిని ఖాళీగా వదిలేసింది.